ఆట నా చేత చేయించిన పనికి బాధ్యత ఎవరిది?

అడిగినవారు: మసకవెలుతురు

ముందే ఒక హెచ్చరిక చేయాలి. ఈ ప్రశ్నలోను, దీనికి వచ్చే సమాధానాల్లోను కొన్ని ఆటల, సినిమాల ముగింపులు తప్పకుండా బయటపడతాయి. వాటిని స్వయంగా చూడాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది.

2012లో విడుదలైన ‘స్పెక్ ఆప్స్: ది లైన్’ అనే ఆటను చాలా ఆలస్యంగా, పోయిన నెలలో పూర్తిచేశాను. ఇసుక తుపానులకు పూడుకుపోయిన దుబాయ్‌లోకి ముగ్గురు సైనికులు ప్రవేశిస్తారు. వారి నాయకుడైన వాకర్‌ను మనం నడిపిస్తాం. ఒకచోట దారికి అడ్డంగా పెద్ద సైనిక శిబిరం ఉంటుంది. దాన్ని దాటాలంటే అక్కడే ఉన్న మోర్టార్‌తో మనుషులను కాల్చేసే వైట్ ఫాస్ఫరస్ గుండ్లు వేయాలి. వెంట ఉన్న సైనికుడు అది తగదని, మరో దారి ఎప్పుడూ ఉంటుందని అంటాడు. వాకర్ లేదంటాడు. నేను వాకర్ మాట నమ్మకుండా తుపాకీతోనే నెగ్గుకురావాలని చూశాను గాని, ఎందరిని పడగొట్టినా కొత్తవాళ్లు పుట్టుకొస్తూనే ఉన్నారు, చివరికి వాకరే చచ్చిపోతున్నాడు. విసిగిపోయి మోర్టార్ దగ్గరికి వెళ్లాను. పైనుంచి తీసిన నలుపు తెలుపు చిత్రంలో మనుషులు తెల్లని చుక్కలుగా కదులుతుంటారు. ఆ తెర మీదే వాకర్ ముఖం మసకగా ప్రతిఫలిస్తుంటుంది. ఒక మూల చుక్కలు బాగా ఒత్తుగా ఉన్నాయి. అక్కడా ఒకటి వేశాను. ఆ తరువాత పొగలో నడుస్తూ వెళ్తే తెలిసింది, ఆ మూలన ఉన్నవాళ్లు సైనికులు కారని, తలదాచుకోవడానికి వచ్చిన మామూలు జనమని. బిడ్డ కళ్లను చేత్తో కప్పి అలాగే కాలిపోయిన ఒక తల్లి శవం దగ్గర ఆట మనల్ని నిలబెడుతుంది.

వారం తరువాత ‘ద మిస్ట్’ (2007) అనే హారర్ సినిమా చూశాను. పొగమంచులో వింత జంతువులు తిరుగుతుంటాయి. ఒక తండ్రి, అతని చిన్న కొడుకు, మరో ముగ్గురు ఉన్న కారు ఇంధనం అయిపోయి ఆగిపోతుంది. ఉన్నవాళ్లు ఐదుగురు, తుపాకీలో ఉన్నవి నాలుగు గుళ్లు. ఆ జంతువుల నోట పడేకంటే ఇదే నయమని, తండ్రి కొడుకుతో సహా నలుగురినీ కాల్చి, తాను చావడానికి కారు దిగుతాడు. కాసేపటికే మంచు విడిపోయి సైన్యం వస్తుంది.

ఆటలో ఆ పని చేసింది నా వేలు. సినిమాలో నేను చేసిందల్లా కుర్చీలో కూర్చోవడమే. అయినా ఆట మీద నాకు కోపం మాత్రమే వచ్చింది. సినిమా చూశాక మాత్రం ఏదో తప్పు చేసినవాడు పడే బాధ రెండు రోజులపాటు వదలలేదు. ఇది తలకిందులుగా ఉన్నట్టు తోస్తోంది. ఆట గురించి స్నేహితులతో మాట్లాడినప్పుడు ‘నా చేత చంపించింది’ అంటున్నానే గాని, ‘చంపాను’ అనడానికి నోరు రావడం లేదు. వేరే దారి మూసేసి, ఉన్న ఒక్క దారిలో నడిపించి, చివర్లో ‘చూడు, ఏం చేశావో’ అని వేలెత్తి చూపే ఆటకు నీతి చెప్పే అర్హత ఎక్కడి నుంచి వస్తుంది? అసలు ఎంపికే లేని సినిమా ఎందుకు ఎక్కువగా కుదిపింది? ఈ రెండిటి గురించి ఆలోచించినవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

చివరివరుస రాసిన సమాధానం

మసకవెలుతురు గారూ, ఆటలతో నా పరిచయం తక్కువ. అందుచేత సినిమా గురించే చెబుతాను. ప్రేక్షకుడికి ఎంపిక ఉండదన్న మాటను మీరు అందరూ ఒప్పుకున్న విషయంలా రాశారు. నాకు అక్కడే అభ్యంతరం ఉంది. కథను మార్చే వీలు అతనికి లేదు, నిజమే. కాని ఏం జరగాలని కోరుకోవాలో తేల్చుకునేది అతనే, గట్టి దర్శకుడు పట్టుకునేది కూడా సరిగ్గా ఆ కోరికనే.

హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో బురదగుంట సన్నివేశాన్ని తీసుకోండి. హత్యకు గురైన మేరియన్ శవాన్ని ఆమె కారులోనే పెట్టి, ఆమె బస చేసిన మోటల్ నడిపే నార్మన్ గుంటలోకి తోస్తాడు. అప్పటివరకు కథ అంతా మనం మేరియన్ పక్కనే ఉండి చూశాం. ఆమె దొంగిలించిన డబ్బు తిరిగి ఇచ్చేయాలని నిశ్చయించుకున్నందుకు సంతోషించాం కూడా. కారు గుడగుడమంటూ దిగుతుంది. ముప్పాతిక మునిగాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏదో నములుతున్న నార్మన్ దవడ ఆగిపోతుంది, అతను అటూ ఇటూ చూస్తాడు. ఆ రెండు మూడు క్షణాలు మనం కూడా ఊపిరి బిగబడతాం. కారు మళ్లీ కదిలి పూర్తిగా మునిగిపోగానే ‘హమ్మయ్య’ అనుకుంటాం. నార్మన్ తన తల్లి చేసిన హత్యను కప్పిపుచ్చుతున్నాడని అప్పటికి మనం నమ్ముతున్నామన్నది కొంత సాకే గాని, శవం దొరకకూడదని కోరుకున్నది మనమే. ఆ కోరిక పుట్టడానికి ఎవరూ మన చేతికి బటన్ ఇవ్వలేదు.

ఇప్పుడు మీరు చూసిన సినిమాకు వస్తాను. మొదట్లో, అందరూ దుకాణంలో చిక్కుకున్నప్పుడు, ఒక స్త్రీ ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉన్నారని, తనతో ఎవరైనా తోడు రమ్మని ఒక్కొక్కరి ముఖం చూస్తూ అడుగుతుంది. కథానాయకుడితో సహా ఎవరూ కదలరు. ఆమె ఒంటరిగానే మంచులోకి వెళ్లిపోతుంది. ఆ క్షణంలో మీరేమనుకున్నారో గుర్తు తెచ్చుకోండి. నేనైతే ‘వెళ్లకమ్మా, అన్యాయంగా చచ్చిపోతావు’ అనుకున్నాను. అంటే, పైకి జాలిపడుతూనే, కదలనివాళ్ల పక్షాన చేరిపోయాను. చివర్లో సైన్యపు లారీ మీద ఆ స్త్రీ తన పిల్లలతో క్షేమంగా వెళ్తూ, కొడుకును చంపుకున్న ఆ తండ్రి వైపు చూస్తుంది. ఆ చూపు అతనికి ఎంత తగిలిందో నాకూ అంతే తగిలింది, ఎందుకంటే దుకాణంలో నేను కూడా అతని పక్కనే నిలబడి ఉన్నాను. మిమ్మల్ని రెండు రోజులు వదలనిది ఇదేనేమోనని నా అనుమానం. స్టీఫెన్ కింగ్ 1980 నాటి మూలకథలో ఈ ముగింపు లేదు. అక్కడ వాళ్లు చిన్న ఆశ పట్టుకుని మంచులోనే ప్రయాణం సాగిస్తారు. నాలుగు గుళ్ల ముగింపు దర్శకుడు ఫ్రాంక్ డారబాంట్ చేర్చినది.

ప్రేక్షకుడి చేతికి నిజంగానే తీర్పు అప్పగించిన హారర్ సినిమా కూడా ఒకటి ఉంది. 1961లో విలియం కాసిల్ తీసిన ‘మిస్టర్ సార్డోనికస్’ ప్రదర్శనలో ప్రేక్షకులకు బొటనవేలి బొమ్మ ఉన్న కార్డులు పంచేవారు. దుర్మార్గుడికి క్షమ కావాలా, శిక్ష కావాలా అన్నది ముగింపుకు ముందు కార్డులు ఎత్తి చెప్పాలి. కాసిల్ స్వయంగా తెర మీదికి వచ్చి ఓట్లు లెక్కపెడుతున్నట్టు నటిస్తాడు, ఫలితం ప్రతిసారీ శిక్షే. క్షమించే ముగింపు కూడా తీశామని ఆయన చెప్పుకున్నా, అది ఇంతవరకు ఎక్కడా బయటపడలేదు. జనం ఏమంటారో ఆయనకు ముందే తెలుసు. మోసం ఆయనదే, కాని కార్డు ఎత్తిన చెయ్యి మాత్రం ప్రేక్షకుడిది.

సూటిమాట రాసిన సమాధానం

ఇంత దూరం ఆలోచించవలసిన విషయం ఇందులో ఉందని నాకు అనిపించడం లేదు. చచ్చిపోయినవి తెర మీది చుక్కలు. ఎవరికీ హాని జరగని చోట నీతి ప్రసక్తి లేదు. ఒకవేళ ఉందనుకున్నా, ఆట ఆపేసి లేచిపోయే స్వేచ్ఛ మీకు ఎప్పుడూ ఉంది. దాన్ని వాడుకోకుండా ‘నా చేత చేయించింది’ అనడం చెల్లదు. సినిమాకూ అదే వర్తిస్తుంది.

కొమ్మలురెమ్మలు రాసిన సమాధానం

నేను కొంతకాలం చిన్న కథా ఆటలకు కోడ్ రాశాను కాబట్టి, తెర వెనక ఏం జరుగుతుందో ముందు చెప్పి, ఆ తరువాత సూటిమాట గారి వాదన దగ్గరికి వస్తాను.

ఒక కథలో పది చోట్ల రెండేసి దారులు ఇచ్చి, ఏ దారినీ మళ్లీ కలపకుండా వదిలేస్తే 1,024 ముగింపులు రాయాలి. అది ఎవరి వల్లా కాదు. అందువల్ల కొమ్మలను కాసేపు చీలనిచ్చి మళ్లీ అసలు కథకే తెచ్చి కలుపుతాం. మీరేం ఎంచుకున్నారో కోడ్‌లో గుర్తులా పనిచేసే ఒక ఫ్లాగ్‌లో గుర్తుంచుకుని, తరువాత ఎక్కడో ఒక సంభాషణలో ఒక వాక్యం మారుస్తాం. 2012లో వచ్చిన ‘ద వాకింగ్ డెడ్’ ఆటలో మొదటి భాగం చివర ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. ఎవరిని కాపాడినా ఆ మనిషి మూడో భాగంలో చచ్చిపోతారు. ఇది తెలిసి చాలామంది మోసపోయామన్నారు. ఇది కొత్తగా వచ్చిన ఎత్తుగడ కూడా కాదు. 1967లో మాంట్రియల్ ప్రపంచ ప్రదర్శనలో చెకోస్లొవేకియా వారి భవనంలో ‘కినోఆటోమాట్’ పేరుతో, సీటుకు అమర్చిన ఎరుపు, ఆకుపచ్చ బటన్లు నొక్కి ప్రేక్షకులు కథను నడిపే సినిమా చూపించారు. వాళ్లు ఎటు ఓటు వేసినా దారులు కలిసిపోయి, కథ మొదట్లో చూపిన అగ్నిప్రమాదం దగ్గరికే చేరేది.

మోసమని నేను అనను. ఇద్దరిలో ఒకరి చెయ్యి పట్టుకుని లాగిన ఆ రెండు క్షణాల్లో, ఆటగాడికి మూడో భాగం సంగతి తెలియదు. అతను చేసింది నిజమైన నిర్ణయమే. ఫలితం మారకపోవడం వల్ల నిర్ణయం అబద్ధమైపోదు. అలా అయితే మరణం ఖాయమైన రోగికి సేవ చేసినవారి నిర్ణయం కూడా అబద్ధమే కావాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది, ఎంపిక అని పేరు పెట్టకుండా ఇచ్చే ఎంపిక. తెర మీద రెండు వాక్యాలు చూపించి, కింద గడియారం తిప్పితే ఆటగాడు వెంటనే పరీక్ష రాసే విద్యార్థి అయిపోతాడు. మంచి మార్కులు ఏ జవాబుకు వస్తాయా అని లెక్క వేసుకుంటాడు. 2001లో వచ్చిన ‘సైలెంట్ హిల్ 2’ అలా అడగదు. చూస్తూ ఊరుకుంటుంది. అందులో జేమ్స్ అనే మనిషి చనిపోయిన భార్య దగ్గర నుంచి ఉత్తరం వచ్చిందని ఒక పాడుబడిన ఊరికి వస్తాడు. దారిలో ఒక యువతి దగ్గర నుంచి అతని చేతికి ఒక కత్తి వస్తుంది. అది ఆయుధంగా పనికిరాదు, సంచిలో పడి ఉంటుంది. ఆటగాడు ఊరికే కుతూహలంతో దాన్ని మాటిమాటికీ తీసి చూస్తే, గాయాలు తగిలినా మందు వాడకుండా చాలాసేపు తిరిగితే, జేమ్స్‌కు బతకాలని లేదని ఆట అర్థం చేసుకుని, అతను నీళ్లలో మునిగి చనిపోయే ముగింపు వైపు మొగ్గుతుంది. మొదటిసారి ఆడినప్పుడు నాకు వచ్చింది ఆ ముగింపే. మందులు మిగుల్చుకుందామన్న పిసినారితనంతో కుంటుతూ తిరిగానే తప్ప, ఒక మనిషిని చావుకు సిద్ధం చేస్తున్నానని నాకు తెలియదు. ఆ విషయం తరువాత తెలిసినప్పుడు కలిగిన గగుర్పాటు మరే ఆటలోనూ కలగలేదు.

మసకవెలుతురు గారు ఆడిన ఆటలోనే ఇలాంటిది ఒకటి ఉంది, ఆశ్చర్యంగా ఆ సంగతి ప్రశ్నలో రాలేదు. మోర్టార్ సన్నివేశం తరువాత చాలాసేపటికి, వాకర్ సహచరుడిని ఊరి జనం ఉరితీస్తారు. జనం గుమిగూడి, రాళ్లు విసురుతూ మిమ్మల్ని చుట్టుముడతారు. రెండో సహచరుడు కాల్చడానికి అనుమతి అడుగుతుంటాడు. తెర మీద ఏ సూచనా కనిపించదు. గుంపు మీద కాల్చవచ్చు. గాలిలోకి కాల్చినా చాలు, జనం బెదిరి చెదిరిపోతారు. అప్పటివరకు గంటల తరబడి మనిషి కనిపిస్తే గురిపెట్టడమే నేర్పిన ఆట, ఇక్కడ ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడి మీ వేలు ఏం చేస్తుందో చూస్తుంది. మోర్టార్ దగ్గర ఆట చేసింది దబాయింపే అన్న మీ కోపాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఈ గుంపు సన్నివేశం విషయంలో మాత్రం ఆ కోపం నిలవదు.

సూటిమాట గారు చెప్పిన ‘ఆపేసి లేచిపోవడం’ గురించి ఒక్క మాట. ఆట ఆపడం కథలో జరిగే పని కాదు. పుస్తకం మూసేసినంత మాత్రాన అందులోని హత్య ఆగిందని ఎవరూ అనరు. వాకర్ అక్కడే మోర్టార్ పక్కన నిలబడి ఉంటాడు, అంతే.

మూడోసాక్షి రాసిన సమాధానం

సూటిమాట గారి మొదటి వాదనను అంత తేలిగ్గా వదిలేయడం సరికాదు. ఎవరికీ హాని జరగలేదన్నది నిజం. కాని హాని జరగకపోయినా మనిషి గురించి ఏదో తెలిసే సందర్భాలు ఉంటాయి. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో నిజంగా ఎవరికీ విద్యుత్ షాక్ తగలలేదు. అవతలి గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా షాక్ పెంచుతూ మీట నొక్కమని పాల్గొన్నవారికి చెప్పేవారు, అక్కడి నుంచి వినిపించినదంతా ఏర్పాటే. అయినా మొదటి ప్రయోగంలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల చివరి మీట దాకా వెళ్లారు. వారి మీద బలప్రయోగం లేదు. పక్కన కోటు వేసుకుని నిలబడ్డ మనిషి, కొనసాగించక తప్పదని నిదానంగా చెప్పేవాడు, అంతే. ఆ మనిషి గది వదిలి వెళ్లి ఫోనులో ఆదేశాలు ఇచ్చిన విడతలో చివరిదాకా వెళ్లినవారి సంఖ్య బాగా పడిపోయింది. తెర మూల మెరుస్తూ ‘ఇటు వెళ్లు’ అని చూపే బాణం గుర్తును చూసినప్పుడల్లా నాకు ఆ కోటు మనిషే గుర్తుకొస్తాడు. పోలిక పూర్తిగా కుదరదన్నది ఒప్పుకుంటాను. ప్రయోగంలో ఉన్నవారు అవతల ఒక మనిషి బాధపడుతున్నాడని నమ్మారు. ఆటగాడు ఎప్పుడూ అలా నమ్మడు.

అందుకే, ఆటలో నీతి గురించి మాట్లాడేటప్పుడు చావుల కన్నా వెల గురించి మాట్లాడటం మేలని నా అభిప్రాయం. ఏమీ పోగొట్టుకోకుండా మంచివాడిగా ఉండే వీలు ఇచ్చే ఆటలు చాలా ఉన్నాయి, వాటిలో ఎంపికకు బరువు ఉండదు. 2013లో లూకస్ పోప్ రూపొందించిన ‘పేపర్స్, ప్లీజ్’లో మీరు ఒక నిరంకుశ దేశపు సరిహద్దు దగ్గర పత్రాలు తనిఖీ చేసే చిన్న ఉద్యోగి. సరిగా తనిఖీ చేసిన మనిషికి ఇంత అని కూలి. ఆ డబ్బుతోనే రాత్రికి ఇంటి అద్దె, తిండి, వెచ్చదనం, మందులు చూసుకోవాలి. ఒకరోజు ఒక భర్త వస్తాడు, పత్రాలన్నీ సక్రమంగా ఉంటాయి. వెనకే తన భార్య వస్తోందని, దయ చూపమని చెప్పి వెళ్తాడు. భార్య దగ్గర ప్రవేశ అనుమతి ఉండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంటుంది పరిస్థితి. ఇక్కడ నాకు నచ్చిన సూక్ష్మం ఒకటుంది. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికలే, మూడో దాని నుంచి జరిమానా. కాబట్టి ఆ భార్యను పంపడానికి నాకు ఖర్చవుతుందా లేదా అన్నది ఆమె కష్టం మీద ఆధారపడలేదు. ఆ ఉదయం నేను ఎన్ని తేదీలు అజాగ్రత్తగా చదివానన్న దాని మీద ఆధారపడింది. నేను అప్పటికే రెండు తప్పులు చేసి ఉన్నాను. ఆమెను వెనక్కి పంపాను. ఆ రాత్రి ఇంట్లో వెచ్చదనానికి డబ్బు సరిపోయింది.

చేసిన పనిని రద్దు చేసుకోవడం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. ఆటకూ సినిమాకూ మధ్య అసలు తేడా బటన్‌లో లేదు, సేవ్ ఫైల్‌లో ఉంది. ఆటను దాచుకున్న చోటి నుంచి మళ్లీ లోడ్ చేసుకుని ఆడవచ్చు; ‘ద మిస్ట్’లోని తండ్రికి అది లేదు, మీకూ లేదు. ఆ వెసులుబాటును ఆటగాడికే గుచ్చుకునేలా చేసింది టోబీ ఫాక్స్ ‘అండర్‌టేల్’ (2015). మొదట్లో తల్లిలా ఆదరించిన టోరియెల్, మనల్ని బయటికి వెళ్లనివ్వకుండా పోరాటానికి దిగుతుంది. ఆమెను కాస్త బలహీనపరిస్తే వదిలేస్తుందని అనుకుని కొడుతుంటాం, ఎందుకంటే అలాంటి ఆటలు మనకు నేర్పింది అదే. ఆమె బలం ఒక హద్దు దాటి తగ్గాక, ఒక్క దెబ్బకు చచ్చిపోతుంది. గుండె ఝల్లుమని ఆట మూసి, మళ్లీ తెరిచి, ఈసారి ఆమె విసిరే నిప్పుకు ఎంత కాలిపోయినా కొట్టకుండా విడిచిపెడతాం. ఆ తరువాత ఎదురయ్యే పువ్వు, మనం ఆమెను ఒకసారి చంపామని, పశ్చాత్తాపంతో వెనక్కి వచ్చామని తనకు తెలుసని చెబుతుంది. మరో సాక్షి లేడనుకున్న చోట సాక్షి దొరకడమంటే ఇదే. హానెకె తీసిన ‘ఫన్నీ గేమ్స్’ (1997)లో దీనికి తిరగబడ్డ రూపం ఉంది: బాధితురాలు తుపాకీ అందుకుని ఇద్దరు హంతకుల్లో ఒకడిని కాల్చగానే, రెండోవాడు రిమోట్ వెతికి సినిమానే వెనక్కి తిప్పేస్తాడు, ఈసారి ఆమెకు తుపాకీ అందనివ్వడు. ఆమె కాల్చినప్పుడు సంతోషించిన మనం ఆ సంతోషంతో పాటు పట్టుబడిపోతాం. అక్కడ లోడ్ చేసుకునే అధికారం హంతకుడిది.

మసకవెలుతురు గారికి ఒక చిన్న పరిశీలన చెప్పి ముగిస్తాను. ఆటగాళ్లు మామూలుగా ‘నేను చచ్చిపోయాను’ అంటారు. తమ పాత్ర పేరు చెప్పరు. మీరు మాత్రం ‘చివరికి వాకరే చచ్చిపోతున్నాడు’ అని రాశారు. దానికి కొన్ని వాక్యాల పైన ‘మనం నడిపిస్తాం’, కింది వాక్యంలో ‘మోర్టార్ దగ్గరికి వెళ్లాను’. తెలుగులో ప్రేరణార్థక క్రియ చాలా సదుపాయమైనది: చేయించింది, చంపించింది, కాల్పించింది. కర్త మీరే అయి ఉండి కూడా వాక్యంలో ‘నా చేత’ అన్న రెండు మాటల్లో దాక్కోవచ్చు. ఆట మిమ్మల్ని ఎక్కడ బలవంతపెట్టింది, ఎక్కడ పెట్టలేదు అన్నది విడదీసి చూసుకుంటే మీ ప్రశ్న సగం చిన్నదవుతుందేమో.

సూటిమాట రాసిన వ్యాఖ్య

రిమోట్ ఉదాహరణ బాగుంది. చుక్కల విషయంలో నా అభిప్రాయం మారలేదు.

మసకవెలుతురు రాసిన వ్యాఖ్య

అందరికీ కృతజ్ఞతలు. చివరివరుస గారు ఆ స్త్రీ గురించి రాసింది చదివాక సినిమా మొదటి అరగంట మళ్లీ చూశాను. ఆమె అడిగినప్పుడు కెమెరా ఒక్కొక్క ముఖం మీద ఆగుతుంటే, కథానాయకుడికి పక్కనే చిన్న కొడుకు ఉన్నాడు కదా, అతను ఎలా వెళ్తాడు అని నేను అతని తరఫున సాకు వెతికిపెట్టాను. మొదటిసారి కూడా అదే చేసి ఉంటాను. నా బాధకు మూలం అక్కడుందని ఇప్పుడు ఒప్పుకోగలను.

కొమ్మలురెమ్మలు గారు గుంపు సన్నివేశం ప్రశ్నలో ఎందుకు రాలేదని ఆశ్చర్యపోయారు. నేను మరచిపోలేదు. అక్కడ నేను గుంపు మీద కాల్చాను. మోర్టార్ గురించి అంత వివరంగా రాసినవాడిని, దీన్ని పూర్తిగా వదిలేశాను. రాస్తున్నప్పుడు అది ప్రశ్నకు సంబంధం లేని విషయమని నాకు నేనే చెప్పుకున్నాను. మొదట పడిన మనిషి చేతిలో రాయి ఉంది. రెండో మనిషి వీపు నా వైపు ఉంది, అంటే అప్పటికే పారిపోతున్నాడు. వేరే దారి ఉందేమోనన్న ఆలోచన నాకు రాలేదని చెప్పుకోవచ్చు గాని, మోర్టార్ దగ్గర వేరే దారి కోసం పదిసార్లు చచ్చిన మనిషిని, ఇక్కడ ఒక్క క్షణం కూడా వెతకలేదు. సహచరుడిని చంపారన్న కోపం నాకే ఉంది, వాకర్‌కు మాత్రమే కాదు.

నిన్న రాత్రి ఆ అధ్యాయాన్ని మళ్లీ తెరిచి గాలిలోకి కాల్చాను. జనం చెదిరిపోయారు. ఇంతకంటే తేలికైన పని ఆ ఆట మొత్తంలో మరొకటి లేదు. అయితే నాకు ఎలాంటి ఊరటా కలగలేదు, ఎందుకంటే ఆ జవాబు ముందే తెలుసుకుని రాశాను. అండర్‌టేల్‌లో పువ్వు చెప్పేది ఇదే అయితే, దాన్ని ఇప్పట్లో ఆడే ధైర్యం నాకు లేదు.

శీర్షిక మార్చాలా అని ఆలోచించాను. మోర్టార్ వరకు ‘చేయించింది’ అన్న మాట సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను కాబట్టి ఉంచేస్తున్నాను. ‘వాకరే చచ్చిపోతున్నాడు’ అన్న వాక్యాన్ని మాత్రం దిద్దబోయి ఆగాను. దాన్ని దిద్దితే మూడోసాక్షి గారు రాసిన చివరి పేరా ఇకపై చదివేవారికి అర్థం కాదు.